దులపని చొక్కా

బాయిలర్లకి పత్తి చుట్టేవాణ్ణి నేను.
పత్తి అనే అనేవాళ్లం. నిజానికది రాతినార.
ఆస్బెస్టాస్ అన్న మాట బస్తాల మీద చూశాను గాని
చదవడం రాలేదు.
నీళ్లు పోసి పిండిలా కలిపి
పైపుల మీద అరచేత్తో మెత్తేవాళ్లం,
మా అమ్మ పొయ్యి అలికినంత ఓపిగ్గా.
"నిప్పుకే కాలదురా ఇది," అనేవాడు మేస్త్రీ,
"నిన్నేం చేస్తుంది?"

ఇరవై రెండేళ్లు.
కొరుక్కుపేట గేటు దాటి నేనొస్తుంటే
లైన్లో పిల్లకాయలు "పిండిమిల్లు మామా" అని అరిచేవాళ్లు.
దేశమ్మ గడపలోనే ఆపేది.
చొక్కా విప్పించి, వీధివైపు తిరిగి,
రెండు చేతులా పట్టుకుని ఫట్‌ఫట్‌మని దులిపేది.
ఆ వేళకి ఎండ ఏటవాలుగా పడేది.
ధూళి మెరిసేది.
అందంగా ఉండేదని చెప్పడానికి
ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాకేం కాలేదు. ముందు అది రాసుకోండి.
అరవై ఏడేళ్లొచ్చినా
నీళ్ల లారీ వెనక రెండు బిందెలతో ఉరకగలను.
ఊపిరి అందనిది ఆవిడకి.

వీపులో సూది గుచ్చి లీటరున్నర నీళ్లు తీశారు,
పలచటి టీ రంగు.
నారింజ తొన మీద పొర ఉంటుందే,
ఊపిరితిత్తికీ అలాంటిదొకటి ఉంటుందట.
అది తోలులా మందమైపోయిందట.
జబ్బు పేరు డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది.
మూడోసారి అడగడానికి మొహం చెల్లక
చీటీ మీద రాయించుకున్నాను.
"ఎక్కడ పనిచేశారమ్మా?"
"ఇంట్లో."
డాక్టరమ్మ కలం ఆ గడి దగ్గర ఆగింది.
ఆగి, మెల్లగా నావైపు తిరిగింది.

హైకోర్టు ఎదుటి సందులో, జెరాక్స్ కొట్టు పైన
లాయరు తిలగవతి గారి గది.
"పనివాడికైతే చట్టముంది" అంది.
"పనివాడి బట్టలు ఉతికినావిడకి
దారి మనమే తవ్వుకోవాలి."
కంపెనీ మూడుసార్లు పేరు మార్చుకుంది.
ఆ స్థలంలో ఇప్పుడు గోడౌన్లు.
నేను కాంట్రాక్టు మనిషిని,
ఏ రిజిస్టర్లోనూ చెంగల్రాయుడు లేడు.
"ఒక చీటీ? గేటుపాసు? ఏదైనా?"

ఆ రాత్రి దేశమ్మ, మాటకీ మాటకీ మధ్య ఆగి ఆగి,
మంచం కింద ట్రంకుపెట్టె చూపించింది.
అడుగున, కూతురి పాత పావడా కింద,
నా ఆఖరి రోజు చొక్కా.
జేబు మీద నీలం దారంతో కంపెనీ గుర్తు.
"ఎందుకు దాచావే?"
"మళ్లీ వెళ్లవు కదా.
ఆ ఒక్కటీ దులపబుద్ధి కాలేదు."

లాయరమ్మ ఫోన్లో దాదాపు కేకేసింది:
"మడత విప్పకండి! ముక్కుకి గుడ్డ కట్టుకుని
రెండు కవర్లలో పెట్టి మూతి బిగించండి!"
ఇంత జాగ్రత్త మాకెవరైనా చెప్పడం
అదే మొదటిసారి. అదీ చొక్కా కోసం.

కంపెనీ తరఫు వకీలు కుర్రవాడే. మర్యాదగానే అడిగాడు:
"ఆవిడకి కంపెనీ జీతమేమైనా ఇచ్చిందా?"
"నేనిచ్చాను సార్. శనివారం శనివారం, కవరు విప్పకుండా."
కోర్టులో ఎవరో నవ్వారు.
నాకు నవ్వు రాలేదు, ఒక ఆలోచన వచ్చింది.
అయితే ఆవిడకి యజమానిని నేనా?
అలాగైతే బోనులో నన్నే ఉంచండి, దిగను,
నా వెనక నిలబడాల్సినవాళ్లని పిలవండి.
ఇంతా మనసులోనే అనుకున్నాను.
బయటికి "అంతే సార్" అని దిగిపోయాను.

వాయిదా. వచ్చే నెల పంతొమ్మిది.

ఇంటికొచ్చేసరికి రెండు దిండ్లకి ఆనుకుని కూర్చునుంది.
ఏమైందని అడగలేదు.
నా చొక్కా భుజం మీద బస్సు ధూళి చూసి
పాత అలవాటుకి చెయ్యెత్తింది.
వట్టి మట్టే అది.
అయినా గడపలోనే ఆగిపోయాను.
చొక్కా విప్పి, దులపకుండా,
అలాగే తొట్టి నీళ్లలో ముంచాను.
తడిపితే లేవదట ఆ ధూళి.
డాక్టరమ్మ చెప్పింది,
మొన్న.